వంగపండు రంగు చొక్కా

ఆ ఫోటో ల్యాబులో అతన్ని అందరూ బూడిదన్న అనేవారు. పెట్టిందెవరో గానీ పేరు సరిగ్గా అతికింది. అతను కూర్చునే గది గోడలు బూడిద రంగు, బల్ల బూడిద రంగు, కిటికీకి వేలాడే మందపాటి గుడ్డ బూడిద రంగు. ఒంటి మీద చొక్కా కూడా ఏడాది పొడుగునా బూడిద రంగే. ఎర్రచొక్కా వేసుకుని మానిటర్ ముందు కూర్చుంటే ఆ ఎరుపు తెర మీద పడి, ఫోటోలో మనిషికి లేని జ్వరం వస్తుందని అతని వాదన.

ఊళ్లో ఫోటోగ్రాఫర్లు తీసిన బొమ్మలు ఆల్బంలుగా అచ్చయ్యే ముందు అతని చేతి మీదుగా వెళ్లాల్సిందే. కాగితం మీద పడే రంగు కొనేవాడికి నచ్చాలంటే, ముందు తెర నిజం చెప్పాలి. కొత్తలో బుద్ధిగా ఉన్న మానిటర్ కూడా వాడేకొద్దీ దారి తప్పుతుంది. ఒకటి పచ్చబడుతుంది, ఒకటి ఎరుపెక్కుతుంది, ఇంకొకటి నీలాన్ని దిగమింగి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. అందుకని సోమవారం వచ్చిందంటే పొద్దున్నే అన్ని తెరలూ వెలిగించి, అవి వేడెక్కేదాకా ఆగి, గుప్పిట్లో పట్టే మీటరును ఒక్కోదాని మీదా వేలాడదీసేవాడు. తెర ఒక్కో రంగే చూపిస్తూ పోతే, మీటరు కొలిచి, ఎక్కడెంత తప్పుతోందో పట్టుకుని, సరిచేసేది.

అంత కన్ను పెట్టుకుని మీటరెందుకని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. అతను నవ్వకుండా చెప్పే జవాబు ఒక్కటే.

"కన్నుకి సర్దుకుపోయే గుణం ఎక్కువ. పసుపెక్కిన తెర ముందు కాసేపు కూర్చోబెట్టు, అదే తెలుపంటుంది. కన్ను కాపురం చేస్తుంది, మీటరు సాక్ష్యం చెబుతుంది."

అక్క ఇల్లు అతని ఇంటికి రెండు వీధుల అవతల. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. బావ లిఫ్టు మెకానిక్. ఎవరైనా ఉద్యోగం ఎలా ఉందని అడిగితే, "పైకీ కిందికీ తప్ప ముందుకు పోయేది లేదు" అనేవాడు. బూడిదన్నకు పెళ్లి కాలేదు. ఆ సంగతి బావకు ఏనాడూ తరగని సరుకు. మా బావమరిదికి పిల్ల నచ్చాలంటే ముందు మీటరు పెట్టి కొలవాలని నలుగురిలో అనేవాడు. అతనికి కోపం వచ్చేది కాదు. ఇంట్లో ఒంటరిగా తినబుద్ధి కాని రోజుల్లో బావే వచ్చి రెక్క పట్టుకుని తీసుకుపోయేవాడు. పాప పుట్టాక ఆ పిలుపు కూడా అవసరం లేకపోయింది. సాయంత్రమైతే అతని కాళ్లు వాటంతటవే అటు తిరిగేవి.

బావకు వంగపండు రంగు చొక్కా ఒకటుండేది. అక్క ముచ్చటపడి గుడ్డ తెచ్చి తనే కుట్టింది. మొదట్లో బావ దాన్ని తొడుక్కోవడానికి సిగ్గుపడ్డాడు. లిఫ్టు తలుపు తీసేసరికి జనం మీటలు వదిలేసి తననే చూస్తున్నారని గొణిగాడు. తర్వాత తర్వాత దాన్ని వదిలితే ఒట్టు.

ఆ చొక్కా తొడుక్కునే ఒక వాన రోజు పొద్దున ఇంట్లోంచి వెళ్లాడు. వెళ్లేముందు మొగుడూ పెళ్లాలకు మాటా మాటా వచ్చింది. బావ ఒక ఆఫీసు భవనంలో లిఫ్టులు చూసేవాడు. అక్కడ ముందు గదిలో కూర్చునే అమ్మాయి రోజూ ఫోన్ చేస్తుందేమిటని అక్క అడిగింది. లిఫ్టు ఆగితే నాకు కాక నీకు చేస్తుందా అని బావ అన్నాడు. నవ్వుతూ అన్నమాటే గానీ ఆ పూట అక్కకు నవ్వు రాలేదు. చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద విసిరింది. బావ పనిసంచీ భుజానికి తగిలించుకుని, గొడుగు కూడా తీసుకోకుండా దిగిపోయాడు.

లిఫ్టులో ఇరుక్కుపోయామని ఒకచోటి నుంచి బావకు ఫోన్ వచ్చింది. దగ్గర్లోనే ఉన్నాను, వస్తున్నానన్నాడు. రాలేదు. ఆ తర్వాత ఫోన్ పలకలేదు.

అక్క, బూడిదన్న తిరగని చోటు లేదు. ఫిర్యాదు రాసిచ్చారు. తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ అడిగారు. మూడో వారంలో పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. ఊరి దిగువన కాలువ తూము దగ్గర ఒక శవం దొరికింది, మొహం ఆనవాలు పట్టే స్థితిలో లేదు, జేబులో ఏమీ లేదు, ఎవరైనా వచ్చి ఫోటోలు చూడాలని. అక్క లేచి గుమ్మం దాకా వచ్చి, అక్కడే గోడ పట్టుకుని కూలబడిపోయింది.

"నా వల్ల కాదురా. నువ్వెళ్లు. నీ కన్ను తప్పు చెప్పదు."

మార్చురీ పక్కన ఇరుకు గది. ఫినాయిల్ వాసన. ఒక పక్క కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. బల్ల మీద ఎప్పటిదో మానిటర్, అంచుకు అంటించిన స్టిక్కరు సగం ఊడి వేలాడుతోంది. అక్కడి గుమాస్తా మంచి మనిషి. కుర్చీ తుడిచి వేశాడు, మంచినీళ్లిచ్చాడు. మనిషి ఫోటోలు చూడనక్కర్లేదని, చూసినా ఉపయోగం లేదని, ఒంటి మీది బట్టలు చూస్తే చాలని నెమ్మదిగా చెప్పాడు.

తెర మీద చొక్కా వచ్చింది. తెల్లదుప్పటి మీద చేతులు చాపి పరిచి ఉంది. పక్కన కొలబద్ద, దాని పక్కన రంగు సరిచూసుకోవడానికి పెట్టే బూడిద రంగు పట్టీ.

చొక్కా ఇటుక రంగులో ఉంది.

బూడిదన్న గుండెల్లోంచి పెద్ద బరువు దిగింది. దిగుతూ ఉండగానే అతని కన్ను, అలవాటు కొద్దీ, చొక్కాను దాటి పక్కకు పోయింది. దుప్పటి పాత వార్తాపత్రిక రంగులో ఉంది. బూడిద పట్టీ తుప్పు పట్టినట్టుంది. ఇన్నేళ్లుగా ఏ రంగు మధ్య బతికాడో ఆ రంగు అది. దాన్ని గుర్తుపట్టడానికి అతనికి మీటరు అక్కర్లేదు. ఈ తెర నీలాన్ని మింగేసిందని, దీని మీద ఏ రంగునూ నమ్మకూడదని రెప్పపాటులో తెలిసిపోయింది. తెలిసినంత వేగంగానే కళ్లు తిప్పుకున్నాడు.

తొందరేం లేదు, బాగా చూడమని గుమాస్తా అన్నాడు. ఎత్తు ఇంచుమించు మీరు చెప్పినంతే ఉందని కూడా అన్నాడు. ఆ ఎత్తు మనుషులు ఊళ్లో సగం మంది ఉంటారని బూడిదన్న జవాబిచ్చాడు.

"మా బావది వంగపండు రంగండీ. ఇది ఇటుక రంగు. ఇది మా బావ కాదు."

ఏ మాత్రం అనుమానమున్నా ఫరవాలేదని, పాప రక్తం కాస్త తీసుకుంటే శవం నుంచి తీసి దాచి ఉంచిన పంటితో పోల్చి చూస్తారని గుమాస్తా చెప్పాడు. పసిదాన్ని సూదులతో పొడిపించడం ఎందుకన్నాడు బూడిదన్న. మీరేం పని చేస్తారని గుమాస్తా అడిగాడు. ఫోటో ల్యాబులో రంగులు సరిచూస్తానని చెప్పాడు.

"అయితే ఇంకేం సార్, మీకంటే ఎవరికి తెలుస్తుంది" అని గుమాస్తా ఆ ఫోటో మూసేశాడు.

ఇంటికొచ్చేసరికి అక్క ఇంకా గుమ్మంలోనే ఉంది. బావ కాదక్కా అన్నాడు. అక్క అతని రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. ఎన్ని రోజుల తర్వాతో ఆ పూట కడుపు నిండా తిని, పాపను పక్కలో వేసుకుని నిద్రపోయింది. అతను వసారాలో కూర్చుని ఆ నిద్ర చూశాడు. తాను తెచ్చి ఇచ్చిన నిద్ర అది. దాన్ని మళ్లీ లాక్కోవడానికి మనసెలా ఒప్పుతుంది? దుప్పటి సంగతీ పట్టీ సంగతీ ఎక్కడో అడుగున తొక్కేశాడు.

గడువు దాటాక ఆ శవాన్ని దిక్కులేని శవాల పక్కన పూడ్చేశారు.

చచ్చినవాడు కాకపోతే మనిషి బతికుండాలి. బతికున్నవాడు ఇంటికి రాకపోతే దానికి కారణముండాలి. లోకం ఎక్కువ దూరం వెతుక్కోలేదు. ఆఫీసులో ముందు గది అమ్మాయి ఆ నెలలోనే ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయిందని ఎవరో మోసుకొచ్చారు. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకెవరో అన్నారు. యూనిఫారాల కొలతలివ్వడానికి వచ్చిన తల్లులు కొలతలతో పాటు జాలి కూడా ఇచ్చిపోయేవారు. అక్క మొదట్లో అందరి మీదా విరుచుకుపడింది. తర్వాత వింటూ ఊరుకుంది. ఆ తర్వాత ఆమే అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆ అమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ చేసి, నోటికొచ్చినట్టు తిట్టింది. అవతల ఆ పిల్ల, మీ ఆయన ఎక్కడున్నారో నాకెలా తెలుస్తుందండీ అని ఏడుస్తుంటే, నంగనాచి ఏడుపులు నా దగ్గర కాదని పెట్టేసింది. బూడిదన్న పక్కనే ఉన్నాడు. పాప పుస్తకానికి అట్ట వేస్తున్నాడు. అట్ట మడత వంకర పోతే విప్పి మళ్లీ వేశాడు.

నెలలు గడిచేకొద్దీ అక్క నోట 'ఆయన' పోయి 'వాడు' వచ్చింది. వాడి బట్టలు, వాడి చెప్పులు, వాడి పనిముట్లు అన్నీ మూటగట్టి బయటపడేసింది. కోపం మనిషిని నిలబెడుతుందంటారు. అక్కను నిలబెట్టిన మాట నిజమే గానీ, ఆ నిలబడ్డ మనిషి అక్కలా లేదు. కుట్టుమిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేది, ఈపాటికి అది వాడికి వేడివేడిగా వడ్డిస్తూ ఉంటుంది అనేది, మళ్లీ తొక్కేది. కొలతలు తప్పేవి. మెడ దగ్గర ఎముకలు తేలాయి. బూడిదన్న వచ్చి కూర్చుని, విని, లేచి వెళ్లేవాడు.

ఏడాది దాటాక ఒకనాడు అక్క ఒక ఫోటో పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. అతనే డాబా మీద తీసిన ఫోటో. అక్క, పక్కన బావ, బావ భుజాల మీద తెల్ల గౌనులో పాప. పాపకు గోడ మీద పెట్టుకోవడానికి మంచి ఫోటో లేదు, దీన్ని పెద్దది చేసివ్వమంది. వాణ్ని తీసేసి ఇవ్వమంది.

పాప అతని భుజాల మీద ఉంది కదక్కా, తీస్తే గాల్లో వేలాడుతుందన్నాడు.

"నా భుజాల మీద పెట్టు. ఊళ్లోవాళ్ల మొటిమలన్నీ తీసేస్తావు, వాణ్నొక్కణ్ని తీయలేవా?"

సోమవారం మానిటర్లన్నీ కొలవడం అయ్యాక, గది తలుపు వేసుకుని ఆ ఫోటో తెరిచాడు. అప్పుడే సరిచేసిన తెర. ఉన్నది ఉన్నట్టు చూపించే తెర. బావ నవ్వుతున్నాడు. పాప కాళ్లు రెండూ పట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, వంగపండు రంగు చొక్కాలో. ఆ రంగు తెర నిండా పరుచుకునేదాకా దాన్ని పెద్దది చేశాడు. చేతి వేళ్లు వాటంతటవే నీలం మీట దగ్గరికి పోయాయి. అతను వాటిని ఆపలేదు.

మీట కొంచెం వెనక్కి జరిగింది. వంగపండు కమిలినట్టయింది. ఇంకొంచెం జరిగింది. ఎండిన నెత్తురు రంగయింది. ఇంకొంచెం. ఇటుక రంగు వచ్చింది. అదే ఇటుక రంగు. పైన పాప తెల్లగౌను పాత వార్తాపత్రికలా మారి ఉంది.

అతను మీట వదిలి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. బయట ఎవరో తలుపు తట్టి ఆల్బం సంగతి అడిగారు. తర్వాత రమ్మన్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

అప్పటికైనా లేచి పరుగెత్తాల్సింది. పరుగెత్తలేదు. ఇటుక రంగు చొక్కాలు లోకంలో లేవా అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. ఫోటో అయిందా అని అక్క అడిగితే పని ఒత్తిడి ఎక్కువగా ఉందన్నాడు. రాత్రి నిద్ర పట్టక, పగలు తెరల ముందు కళ్లు మండి, ఒక ఆల్బం నిండా మొహాలన్నీ పచ్చగా అచ్చు వేయించి, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ల్యాబు యజమాని చేత మాట పడ్డాడు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్తే, పాప మెట్ల మీద కూర్చుని పక్కింటి పిల్లతో ఆడుకుంటోంది. మీ నాన్న ఏం చేస్తాడని ఆ పిల్ల అడిగింది. పాప ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది.

"మా నాన్న చెడ్డోడు. మమ్మల్ని వదిలేసి లేచిపోయాడు."

బూడిదన్న మెట్లెక్కకుండా వెనక్కి తిరిగాడు. మర్నాడు ల్యాబుకు సెలవు పెట్టి, మీటరు సంచిలో వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లాడు.

గుమాస్తా అతన్ని పోల్చుకోలేదు. ఫలానా నాటి ఫోటో ఒకటి కావాలంటే, బయటికి ఇవ్వడానికి వీల్లేదన్నాడు. అయితే ఇక్కడే చూస్తానని, కానీ ముందు ఈ మానిటర్‌ను సరిచేయనివ్వమని అడిగాడు. గుమాస్తాకు సంతోషమైంది. ఇది వేరే విభాగం వాళ్లు పనికిరాదని వదిలించుకున్న తెర అని, కొత్తదివ్వమని తాను అడిగి అడిగి అలసిపోయానని చెప్పుకొచ్చాడు.

బూడిదన్న కిటికీ మూశాడు. లైటు ఆర్పాడు. మీటరును తెర నడుమ వేలాడదీశాడు. ఎరుపు వచ్చింది, ఆకుపచ్చ వచ్చింది, నీలం వచ్చింది. తెలుపు నుంచి నలుపు దాకా బూడిద రంగులు ఒక్కో మెట్టే దిగాయి. ల్యాబులో ఈ పని జరుగుతున్నంతసేపూ అతను కాళ్లు చాపుకుని విశ్రాంతి తీసుకునేవాడు. ఇక్కడ నిలబడే ఉన్నాడు. గుమాస్తా ఏదో చెబుతున్నాడు, వినిపించలేదు.

పనయ్యాక తెర మారింది. గుమాస్తా కళ్లు నులుముకుని, ఇదేమిటి ఇంత నీలంగా ఉందని అడిగాడు. నీలం కాదని, తెలుపంటే ఇదేనని, కాసేపట్లో మీ కన్ను అలవాటు పడుతుందని బూడిదన్న చెప్పాడు. తర్వాత ఫోటో తెరిపించాడు.

దుప్పటి తెల్లగా ఉంది. పట్టీ బూడిద రంగులో ఉంది. వాటి నడుమ, చేతులు చాపుకుని, వంగపండు రంగు చొక్కా.

అతను కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తా తెర వంక ఒకసారి, అతని వంక ఒకసారి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"మీరే కదా సార్, అప్పుడు వచ్చింది."

"నేనే."

"ఈ తెర బాగాలేదని అప్పుడు మీకు తెలియలేదా?"

బూడిదన్న మీటరు తీగ చుట్టి సంచిలో పెట్టాడు. పక్కగదిలో ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"తెలిసింది" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు. పాప బడిలో ఉంది. అక్క కాజాలు కుడుతోంది. ఎదురుగా పీట మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చొక్కా బావదేనని చెప్పాడు. ఆ రోజు తెర సరిగ్గా లేదని చెప్పాడు. అక్కడితో ఆగిపోవచ్చు. తెర మీద తప్పు తోసేస్తే అక్క కూడా తెరనే తిట్టుకునేది. ఆ మాట దారిలో ఎన్నిసార్లు అనుకున్నాడో. కానీ దుప్పటి సంగతి చెప్పాడు. పట్టీ సంగతి చెప్పాడు.

అక్క కేకలు వేయలేదు. చేతిలో సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది.

"అయితే నీకు అప్పుడే తెలుసు."

"చొక్కా బావదని తెలీదక్కా. తెర అబద్ధం చెబుతోందని తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావు."

"బావ కాకూడదనుకున్నాను."

అక్క అతని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చి, పద అంది.

ఫోటో చూస్తూ ఆమె ఏడవలేదు. కాలరు దగ్గర వేలు పెట్టి, ఒకసారి చిరిగితే తిరగేసి కుట్టింది నేనే, నా కుట్టు నాకు తెలుసంది. ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి పెట్టింది. పాప రక్తం తీసుకున్నారు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. ఆ పంటి మనిషి పాప తండ్రేనని తేలింది. ఆ రోజు ఫోన్ వచ్చిన చోటికి అడ్డదారి కాలువ మీది నడకవంతెన. దానికి ఒకవైపు కమ్మీలు ఊడిపోయి చాన్నాళ్లయింది. వానలో, తొందరలో, బరువు సంచితో కాలు జారి ఉంటుందని రాశారు. అంతకుమించి ఎవరికీ తెలియదు.

దిక్కులేని శవాల చోటు ఆసుపత్రి గోడ వెనకాలే ఉంది. ఇనపరేకుల మీద అంకెలు. పిచ్చిమొక్కలు మోకాళ్లెత్తు పెరిగాయి. తోటమాలి ఫలానా రేకని చూపించాడు. అక్క దాని ముందు కింద కూర్చుంది. చుట్టూ మొక్కలు పీకడం మొదలుపెట్టింది. బూడిదన్న సాయానికి వంగితే చేయి అడ్డం పెట్టింది. అతను నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు. ఆమె ఆ జానెడు నేలా శుభ్రమయ్యేదాకా పీకి, మట్టి చేతులతోనే మొహం కప్పుకుని అప్పుడు ఏడ్చింది. ఏడాది ఏడుపు. ఏడుస్తూ ఏదో చెబుతోంది. అతనికి వినిపించలేదు. అది అతనికి చెబుతున్నది కాదు.

ఆ వేరే ఊరి అమ్మాయికి అక్క మళ్లీ ఫోన్ చేసింది. క్షమించమని అడిగితే ఆ పిల్ల ఏమీ అనకుండా పెట్టేసిందట. ఈ మాట పాప చెబితే అతనికి తెలిసింది.

ఆ తెర ముందు కూర్చుని మావాడు కాదని వెళ్లిపోయినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారోనని బూడిదన్నకు దిగులు పట్టుకుంది. అక్కడి పెద్ద అధికారిని కలిసి, వాళ్లందరినీ మళ్లీ పిలవమని అడిగాడు. కుదుటపడ్డవాళ్లను కదపడం ఎందుకని ఆయనన్నాడు. ఎవరూ కుదుటపడరండీ అని ఇతనన్నాడు. ఆయన గడియారం చూసుకున్నాడు. అప్పటినుంచి నెలకోసారి ల్యాబు పనికి ముందు ఆ గదికి వెళ్లి మానిటర్‌కు మీటరు పెట్టి వస్తున్నాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. గుమాస్తా మాత్రం, తన కంటికి అనుమానం తగిలిన పాత కేసుల్లో ఇద్దరు ముగ్గురికి చాటుగా ఫోన్ చేశాడు. ఒక ముసలాయన వచ్చాడు. చూసి, మా అబ్బాయి కాదని వెళ్లిపోయాడు. ఆ కాదనడం నిజమో, తనలాంటి కాదనడమో బూడిదన్న అడగలేకపోయాడు.

అక్క అతన్ని ఇంటికి రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. పాపను బడి నుంచి తీసుకురావడం, జ్వరమొస్తే మందులు తేవడం వరకు మాటలుండేవి. అవి కూడా ముక్తసరి మాటలు. అతను సాయంత్రాలు ఇంట్లోనే ఉండి, తానే వండుకుని తినడం నేర్చుకున్నాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాడు. అక్క. నెత్తిన కొంగు కప్పుకుని, చేతిలో బట్టల సంచితో నిలబడి ఉంది. ఇటు పని మీద వచ్చానంది. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లడిగింది. అతను తెచ్చిచ్చాడు. గ్లాసు చేతిలోనే పట్టుకుంది.

"నేను ఆయన్ని తిట్టిన తిట్లన్నీ నువ్వు విన్నావు కదరా" అంది.

"విన్నానక్కా."

"పక్కనే కూర్చుని విన్నావు."

"విన్నాను."

అక్క తల ఊపింది. నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, పాపకు బడి విడిచే వేళయిందని, ఇవాళ తానే వెళ్తానని చెప్పి సంచి తీసుకుని లేచింది. అతను గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె ఎండలో వీధి చివరిదాకా నడిచి మలుపు తిరిగింది.